కూలి, కూలీ: ఉత్తర తెలంగాణ సాక్ష్యంగా ఒక పదచరిత్ర

2016 రైల్వే బడ్జెట్ ప్రసంగంలో నాటి రైల్వే మంత్రి ఒక చిన్న ప్రకటన చేశారు. స్టేషన్లలో సామాను మోసేవారిని ఇకపై కూలీలు అనకుండా ‘సహాయక్’ అని పిలుస్తామన్నది దాని సారాంశం. కాజీపేట నుంచి బల్హార్షా వెళ్ళే మార్గంలో పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ స్టేషన్లున్నాయి. ఈ మార్గం పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గుండా సాగుతుంది. పేరు మార్పు వెనుక ఉన్న భావన స్పష్టమే. కూలీ అనేది ఇంగ్లీషువారి నోట అవమానంగా స్థిరపడిన మాట కనుక దానిని వదిలించుకోవాలన్నది ఆ భావన. అయితే ఇదే ప్రాంతంలో, ఈ ప్రకటనకు 38 ఏళ్ళ ముందు, భూమిలేనివారూ కొద్దిపాటి భూమి ఉన్నవారూ కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు ఆ మాటనే తమ పేరుగా ఎంచుకున్నారు. రైతుకూలీ సంఘం అని బోర్డు రాసి గ్రామం నడిబొడ్డున నిలిపారు. ఒకచోట తుడిచివేయవలసిన మాట మరొకచోట జెండా మీదికి ఎట్లా ఎక్కింది? ఈ ప్రశ్నకు సమాధానం మాట వ్యుత్పత్తిలో కొంత, దాని ప్రయాణంలో కొంత, ఉత్తర తెలంగాణ గ్రామాలలో దాని పక్కన నిలిచిన ఇతర పదాలలో ఎక్కువగా దొరుకుతుంది.

ముందుగా వ్యుత్పత్తి. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు భాషల ‘కూలి’ రూపాలను ఒకే ఆరోపంలో చేర్చి, వేతనం, బాడుగ అనే అర్థాలనిచ్చింది. తమిళంలో ఈ మాట ప్రాచీనతకు తిరుక్కురళ్ సాక్ష్యం చాలు. పురుషప్రయత్నాన్ని గురించిన అధికారంలో, దైవం వల్ల కానిదైనా శరీరం పడిన కష్టానికి తగిన ప్రతిఫలం ప్రయత్నమే ఇస్తుందని చెబుతూ తిరువళ్ళువర్ ఆ ప్రతిఫలాన్ని కూలి అన్నాడు. పోర్చుగీసువారు పడమటి తీరంలో దిగడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ మాట ఉన్నది. అర్థం కూడా స్థిరంగా ఉన్నది. కూలి అంటే పనిచేసినందుకు వచ్చేది. పనిచేసిన మనిషి కాదు. మనిషిని చెప్పవలసివస్తే తమిళంలో కూలియాళ్, తెలుగులో కూలివాడు, కూలిమనిషి అని మరొక పదం కలపాలి. 1852 నాటి బ్రౌను నిఘంటువు కూడా కూలికి వేతనం, బాడుగ అనే అర్థాలనే ఇచ్చింది.

కూలికి రెండు జనవ్యుత్పత్తులు తరచూ వినిపిస్తాయి. ధాన్యంగా కొలిచి ఇచ్చేది కనుక ‘కూడు’ నుంచి కూలి వచ్చిందన్నది ఒకటి. ఒళ్ళు కూలబడేదాకా చేసే పని కనుక ‘కూలు’ ధాతువు నుంచి వచ్చిందన్నది మరొకటి. రెండూ మనసుకు నచ్చేవే కాని నిలిచేవి కావు. కూడు శబ్దానికి తమిళంలో సమానరూపం ‘ళ’కు దగ్గరగా ఉండే ప్రత్యేక వర్ణంతో ఉన్నది. కూలికి సమానరూపం మామూలు లకారంతో ఉన్నది. రెండింటి మూలాలు వేరు. పడిపోవడం అనే అర్థానికీ, వేతనానికీ మధ్య వంతెన వేయగల ప్రయోగమేదీ ఏ సోదరభాషలోనూ లేదు.

ఇంగ్లీషు పదాన్ని గురించి 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు విస్తారంగా చర్చించింది. దాని కర్తలు హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్. వీరిలో బర్నెల్ మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసి దక్షిణాది లిపులను పరిశోధించినవాడు. వారి ముందు మూడు దారులున్నాయి. గుజరాత్, కొంకణ ప్రాంతాలలోని కోలీ జనసముదాయం పేరు ఒకటి, ద్రావిడ భాషల కూలి ఒకటి, బానిస అనే అర్థమున్న తురుష్క పదం ఒకటి. కోలీల పేరు పోర్చుగీసువారి నోట శారీరక శ్రమ చేసేవారందరికీ సాధారణనామం అయి ఉండవచ్చుననీ, దక్షిణాదికి వచ్చాక అది ఇక్కడి కూలితో కలిసిపోయి ఉండవచ్చుననీ సాధారణంగా చెబుతారు. (ఆదిలాబాద్ జిల్లాలోని కొలాములకూ ఈ కోలీలకూ సంబంధం లేదు. కొలాముల భాష కొలామీ ద్రావిడ భాష. పేర్లలోని పోలికను చూసి కొందరు తొందరపడతారు కనుక ఇంత చెప్పవలసివచ్చింది.)

మూడవ దారి తెలుగు పాఠకునికి మరింత ఆసక్తికరమైనది. ఉర్దూలో సామాను మోసేవానిని తెలిపే ‘కులీ’ అనే మాటను ‘ఖాఫ్’ అక్షరంతో రాస్తారు. అది అరబ్బీ, తురుష్క పదాలలో కనిపించే అక్షరం. భారతీయ మూలమైతే మామూలు ‘కాఫ్’ సరిపోయేది. ఆ లేఖనం వల్లనే కొందరు నిఘంటుకారులు దానిని తురుష్క పదంగా గుర్తించారు. దాసుడు అనే అర్థంలో అదే మాట గోల్కొండ రాజుల పేర్లలో ఉన్నది. సుల్తాన్ కులీ, మహమ్మద్ కులీ కుతుబ్ షా పేర్లలోని కులీ అదే లేఖనం. హైదరాబాదు నగరాన్ని నిర్మించిన రాజు పేరులోనూ, నాంపల్లి స్టేషనులో పెట్టె మోసిన మనిషి వృత్తినామంలోనూ ఉర్దూ లిపిలో తేడా లేదు. వీటిలో ఏది నిజమైన మూలమన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఈ మూడు దారులలో కోలీ అన్నా మనిషే, తురుష్క కులీ అన్నా మనిషే. ద్రావిడ కూలి ఒక్కటే మనిషి కాక అతనికి ముట్టవలసిన సొమ్ము. ఇంగ్లీషు ‘కూలీ’ మన ఉచ్చారణను తీసుకొని, అర్థాన్ని తక్కిన రెండింటి వైపు జరిపింది. వేతనం పోయి మనిషి మిగిలాడు.

ఈ జరుగుబాటుకు చరిత్ర బలమిచ్చింది. బ్రిటిష్ వలసలలో 1834 ఆగస్టు 1న బానిసత్వ రద్దు అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో అట్లాస్ అనే ఓడ ఒప్పంద శ్రామికులతో మారిషస్ చేరింది. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి నటాల్ చేరింది. ఒప్పందపత్రంలో వేతనం రాసి ఉండేది. కాని పని మానే హక్కు లేదు, యజమానిని మార్చే హక్కు లేదు, గైర్హాజరుకు జైలు ఉండేది. అట్టి మనిషికి కూలి అనే మాటలోని అసలు అర్థం, అంటే పనికి ప్రతిఫలం అడిగే హక్కు, నామమాత్రం. క్రమంగా ఇంగ్లీషులో ఆ మాట ఒక జాతికి పేరయింది. 1893లో దక్షిణాఫ్రికా చేరిన గాంధీ తనను ‘కూలీ బారిస్టరు’ అన్నారని ఆత్మకథలో రాశారు. కూలి పని ఎన్నడూ చేయని మనిషి కూడా అక్కడ కూలీయే. అదే చోట దక్షిణాది శ్రామికులను ‘సామీ’ అని కూడా పిలిచేవారు. తమిళ, తెలుగు పేర్ల చివరి ‘స్వామి’ నుంచి అది వచ్చింది. స్వామి అంటే యజమాని అని తెల్లవారికి తెలియదని గాంధీ చమత్కరించారు. చీనీవారు ఈ మాటను స్వీకరించినప్పుడు చేదు, బలం అనే అర్థాలున్న రెండు అక్షరాలతో రాసుకున్నారు. ధ్వనికి ధ్వని, అర్థానికి అర్థం కుదిరింది. అక్కడా వేతనం జాడ లేదు. 1936లో ముల్క్ రాజ్ ఆనంద్ ఇంగ్లీషు నవల ‘కూలీ’ వెలువడేనాటికి ఆ శీర్షిక చూసిన పాఠకునికి తోచేది ఒక దీనుడైన మనిషే.

సముద్రం దాటినవారిలో తెలుగువారు అధికంగా కోస్తా జిల్లాలవారు. ‘రంగం’ పోవడం అనే మాట అక్కడి పల్లెలది. నిజాం రాజ్యంలోని ఎలగందల, సిర్పూరు ప్రాంతాలకు అది దూరం. ఇక్కడి గ్రామాలలో పేదవానిని తెలిపే పదజాలం వేరుగా పెరిగింది. ఆ పదజాలాన్ని వరుసగా చూస్తే తప్ప 1978 నాటి పేరు బలం అర్థం కాదు.

మొదటిది వెట్టి. కరీంనగర్ పల్లెల ఉచ్చారణలో ‘ఎట్టి’. సంస్కృత ‘విష్టి’ ప్రాకృతం మీదుగా ఈ రూపం పొందింది. బలవంతపు పని అని అర్థం. కౌటిల్యుడు విష్టిని రాజ్యవనరులలో లెక్కించాడు. క్రీస్తుశకం 150 ప్రాంతపు జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు ప్రజలను విష్టితో పీడించకుండా తటాకాన్ని బాగుచేయించానని చెప్పుకున్నాడు. చెప్పుకోదగినంత అరుదైన విషయం అయి ఉంటుంది. తెలంగాణలో వెట్టి కులాన్ని అనుసరించి పంచబడింది. గ్రామాధికారి ఇంటికీ, దొర గడీకీ, పర్యటనకు వచ్చిన ఉద్యోగి బసకూ ఎవరెవరు ఏమేమి చేయాలో నిర్ణయమై ఉండేది. కబురు మోయడం, కట్టెలు కొట్టడం, నీళ్ళు పోయడం, బట్టలు ఉతకడం, చెప్పులు కుట్టడం, బరువు మోయడం. వెట్టికి కూలి లేదు. ఉంటే అది వెట్టి కాదు. ‘వెట్టిచాకిరి’ అనే సమాసంలో చాకిరి ఫారసీ నుంచి వచ్చినది. రెండు మహాభాషల నుంచి రెండు మాటలు తెచ్చి కలిపినా ప్రతిఫలం అనే అర్థం ఎక్కడా చేరలేదు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభలు వెట్టిని ప్రధాన సమస్యగా తీసుకున్నాయి. వాటిలో నాలుగవది 1935లో సిరిసిల్లలో, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. నలభై సంవత్సరాల తరువాత ఇదే సిరిసిల్ల తాలూకాలో వెట్టి మళ్ళీ చర్చకు రావలసివచ్చిందన్నది మరచిపోరాని విషయం.

రెండవది జీతం. జీవితం అనే మాటతో మూలబంధమున్న ఈ పదం బతుకుదెరువు అనే అర్థంలో స్థిరపడింది. పట్టణంలో జీతం గౌరవం. పల్లెలో ‘జీతం ఉండుడు’ అంటే ఏడాది పొడుగునా ఒక ఇంటికి కట్టుబడి ఉండటం. ఏడాదికింత ధాన్యం, ఒక కంబళి, ఒక చెప్పుల జత. పని మానిన రోజు ‘నాగా’ అని లెక్కకు ఎక్కుతుంది. తండ్రి చేసిన అప్పు కింద కొడుకు జీతం ఉంటే వడ్డీ తీరేది కాదు, జీతమూ తీరేది కాదు. నిజాం పాలనలోని రికార్డులలో ఇట్టి అప్పు కింది పనివానిని ‘భాగేలా’ అన్నారు. 1930, 40 దశకాలలో ప్రభుత్వం భాగేలా ఒప్పందాలను అదుపులో పెట్టడానికి నిబంధనలు చేసింది. నిబంధన వచ్చిందంటేనే ఆచారం ఎంత విస్తృతమో ఊహించవచ్చు.

మూడవది కైకిలి. ఈ మాట మీద కొంత ఎక్కువ సేపు నిలవడం అవసరం. ‘కైకిలి పోవుడు’, ‘కైకిలోళ్ళు’ అనేవి ఉత్తర తెలంగాణలో నేటికీ నిత్యవ్యవహారం. నాటుకూ కలుపుకూ కోతకూ రోజువారీగా వెళ్ళే పని కైకిలి. ఆ పనులు అధికంగా స్త్రీలవి కనుక మాట కూడా స్త్రీలతో ముడిపడి వినిపిస్తుంది. పదస్వరూపం చూస్తే ఇది ‘కై’, ‘కూలి’ కలిసిన సమాసంగా కనిపిస్తుంది. చేయి అనే అర్థమున్న కై తెలుగులో విడిగా వాడుక తప్పినా కైకొను, కైమోడ్పు, కైదండ, కైవసం మొదలైన వాటిలో బతికే ఉన్నది. సమాసంలో రెండవ పదంలోని దీర్ఘం హ్రస్వమై కైకులి కాగా, మధ్యలోని ఉకారం తరువాతి ఇకారానికి లోబడి ఇకారమైంది. అడుగు–అడిగి, కలుగు–కలిగి అనే రూపాలలో పనిచేసే స్వరసమత ఇదే. తమిళంలో ‘కైక్కూలి’ అనే సమాసం ఉన్నది. అక్కడ దాని అర్థం లంచం. చేతిలో పెట్టేది అన్న అర్థం నుంచి అది అటు వెళ్ళింది. తెలంగాణలో చేతి పనికి వచ్చేది, లేదా ఏ రోజుకారోజు చేతిలో పడేది అన్న అర్థం నుంచి ఇటు వచ్చింది. రెండు అర్థాలలో ఏది ముందన్నది తేల్చవలసిన విషయమే అయినా, పల్లెవాడుకలో కైకిలికీ జీతానికీ ఉన్న భేదం మాత్రం పదంలోనే ఉన్నది. జీతం ఏడాదిది, కైకిలి పూటది. జీతగాడు ఒకరి మనిషి, కైకిలికి పోయినామె సాయంత్రానికి ఎవరి మనిషీ కాదు. రేపు మరొక చెలకకు పోవచ్చు. కూలి ఎంతో ముందే అడగవచ్చు. పదిమంది కలిసి ఎకరానికి ఇంత అని ‘గుత్త’ మాట్లాడుకోవచ్చు. ఆ స్వేచ్ఛ చాలా సన్నదే. పని దొరకని రోజు ఆకలే. అయినా వెట్టి, జీతం అనే రెండు మాటలతో పోల్చినప్పుడు కూలి అనే మాటలో బేరం ఉన్నది.

పేదవానికి మరొక పేరు ‘గరీబు’. అరబ్బీలో దాని మూలార్థం పరదేశి. ఊరికి కొత్తవాడు, అండ లేనివాడు అన్న అర్థం నుంచి పేదవాడు అయింది. తెలంగాణ తెలుగులో అది పూర్తిగా ఇంటిమాట. ఇది స్థితిని చెబుతుందే కాని పనిని చెప్పదు. అందువల్ల దానిమీద జాలి పుడుతుంది, సంఘం పుట్టదు.

పై పదాలకు చట్టం ఇచ్చిన స్థానం గమనించదగినది. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఇంగ్లీషు పాఠంలో ‘ఒప్పందం’ అనే మాట నిర్వచనం కింద ఒక వివరణ ఉన్నది. సాంఘికాచారం వల్ల ఒప్పందం ఉన్నట్లే భావించవలసిన బలవంతపు శ్రమరూపాలను అక్కడ అక్షరక్రమంలో పేర్కొన్నారు. దేశభాషల నుంచి ఏరిన ఆ పట్టికలో భాగేలా ఉన్నది, జీతా ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. కూలి లేదు. ఉండటానికి వీలులేదు కూడా. ప్రపంచమంతటా నీచార్థం సంపాదించుకున్న మాట స్వదేశపు చట్టంలో అస్వతంత్రుల జాబితాకు వెలుపల నిలిచింది. రాజ్యాంగం 23వ అధికరణం ఇంగ్లీషు పాఠం కూడా ‘బేగార్’ అనే దేశీయ పదాన్నే నిషేధించింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ పనివారి కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసి, కనీస వేతనం కంటె తక్కువకు పనిచేయించుకోవడం కూడా ఆ అధికరణం కింద బలవంతపు శ్రమే అన్నది. తెలుగు పదాలలో చెప్పితే, సరిపడని కూలి వెట్టి కిందికే వస్తుంది. రెండు మాటల మధ్య హద్దును న్యాయస్థానం గీసిన తీరు పల్లెజనం ఎరిగినదే.

ఇప్పుడు దీర్ఘాంతరూపం సంగతి. తెలుగులో ‘కూలి’ వేతనం, ‘కూలీ’ మనిషి అనే భేదం అచ్చులో కనిపిస్తుంది. పత్రికలు దీనిని నిలకడగా పాటించవు. ‘కూలీ డబ్బులు’ అనీ, ‘వలస కూలి’ అనీ తారుమారుగా రాయడం చూస్తూనే ఉంటాము. అయినా ‘కూలీలు’ అనే బహువచనం మనుషులకే చెల్లుతుంది. ఈ దీర్ఘం ఎక్కడిది? హమాలీ, ఖాళీ, నౌకరీ మొదలైన ఉర్దూ ఆదానాలలోని పదాంత దీర్ఘం ఇది. ఉర్దూ రూపంలో మొదటి అచ్చు హ్రస్వం, చివరిది దీర్ఘం. తెలుగు కూలిలో మొదటిది దీర్ఘం, చివరిది హ్రస్వం. ‘కూలీ’లో రెండూ దీర్ఘాలే. ఆదిభాగం ఇంటిది, తోక బయటి నుంచి తిరిగివచ్చినది. ఉర్దూ పాలనాభాషగా ఉన్న హైదరాబాదు రాజ్యంలో ఈ కలయిక సులువు. పల్లెనోట మాత్రం నేటికీ ‘కూలోళ్ళు’ అనే పాత పద్ధతి రూపమే ఎక్కువ. అంటే కూలీ అనే రూపం రైల్వే, కచేరీ, పత్రిక, కరపత్రం మీదుగా వచ్చినది. సంఘాలకు ఆ పేరు పెట్టినవారు చదువుకున్న యువకులు కావడం ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన ప్రదర్శన ‘జైత్రయాత్ర’గా ప్రసిద్ధమైంది. దాని వెనుక చుట్టుపక్కల గ్రామాలలో సాగిన రైతుకూలీ సంఘాల పని ఉన్నది. వెట్టి ఆపాలి, కూలిరేట్లు పెంచాలి, బంజరు భూములు పంచాలి, దొరలు పంచాయితీలలో వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలి అన్నవి ప్రధానమైన కోరికలు. ఒప్పుకోని దొరలపై సాంఘిక బహిష్కరణ విధించారు. చాకలి, మంగలి, జీతగాడు ఎవరూ గడీకి పోలేదు. శతాబ్దాలుగా కూలి లేకుండా పనిచేసినవారు పని ఆపడం ద్వారా ఆ పనికి విలువ ఉన్నదని చూపారు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఈ సందర్భంలో సంఘం పేరును వ్యాకరణదృష్టితో చూడటం అప్రస్తుతం కాదు. కోస్తాలోనూ ఇతరత్రానూ కమ్యూనిస్టు పార్టీల అనుబంధ సంస్థలకు ‘వ్యవసాయ కార్మిక సంఘం’ అనే పేరున్నది. అది తత్సమం, శాస్త్రీయం, కర్మాగారపు కార్మికుని పోలికతో కూర్చినది. ‘రైతుకూలీ’ అనే సమాసం పల్లె మాటలతో కూర్చినది. రైతు అరబ్బీ ‘రయ్యత్’ నుంచి, అంటే పాలితుడు అన్న అర్థం నుంచి వచ్చింది. కూలీ చరిత్ర పైన చూశాము. ఇది ద్వంద్వమా, కర్మధారయమా? రైతులూ కూలీలూ అని విగ్రహిస్తే ద్వంద్వం, రెండు వర్గాల కూటమి. రైతే అయిన కూలీ అని విగ్రహిస్తే కర్మధారయం, ఒకే మనిషి రెండు బతుకులు. ద్వంద్వమైతే బహువచనం రావాలి, తల్లిదండ్రులు అన్నట్లు. కాని ‘సంఘం’ ముందు చేరేసరికి బహువచనం లోపించి సందిగ్ధత మిగిలింది. పేరు పెట్టినవారు ఆలోచించి చేశారో లేదో కాని, ఎకరం చెలక దున్నుకొని మిగతా రోజులు కైకిలి పోయే కుటుంబానికి ఆ సందిగ్ధతే సరిగ్గా సరిపోయింది.

మంథని ప్రాంతం నుంచి వచ్చిన అల్లం రాజయ్య 1979 నాటి ‘కొలిమంటుకున్నది’ ఈ మలుపును కరీంనగర్ పల్లె నుడికారంలోనే నమోదు చేసిన నవల. అంతకు ముందరి తెలుగు నవలలో కూలివాడు తరచుగా రచయిత కరుణకు పాత్రుడు. ‘మాలపల్లి’ని మినహాయించి చెప్పవలసి ఉంటుంది. ఇక్కడ అతడు లెక్క అడిగేవాడు. అభ్యుదయ కవిత్వం ఎంతో ప్రేమించిన ‘కార్మికుడు’, ‘శ్రామికుడు’ అనే పదాలు పల్లె సంభాషణలో ఒదగకపోవడం కూడా ఈ నవలల వచనం బయటపెట్టిన విషయం.

ఇంతవరకూ చెప్పినది ఆదిలాబాద్ అడవికి యథాతథంగా అన్వయించదు. అక్కడ దిశ వేరు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము మరణం తరువాత, నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య పనిచేశాడు. ఆయన నివేదికల సంపుటి ‘ట్రైబల్ హైదరాబాద్’ 1945లో వెలువడింది. ఆ కాలంలో గోండులకూ కొలాములకూ పట్టాలు లభించాయి. తరువాతి దశాబ్దాలలో వలసవచ్చినవారి చేతికి ఆ భూములు మళ్ళాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనా, దానికి 1970లో జరిగిన సవరణా కాగితం మీద గట్టివే. అయినా తన పట్టాభూమిలోనే మరొకరి పత్తి ఏరడానికి రోజుకూలికి పోయే గోండు కనిపించసాగాడు. జగిత్యాలలో వెట్టివాడు కూలి అడిగేవాడు కావడం పైకి ఎక్కడం. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు రైతు కూలీ కావడం కిందికి జారడం. ఒకే సమాసం రెండు జిల్లాలలో రెండు దిక్కులకు నడిచింది. ‘గిరిజన రైతుకూలీ సంఘం’ అనే పేరులో రైతు అనే మాట పోయిన భూమిని గుర్తుచేస్తుంది, కూలీ అనే మాట ఉన్న స్థితిని చెబుతుంది. ఆ సంఘం 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తలపెట్టిన సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అన్నది ప్రభుత్వం చెప్పిన సంఖ్య. హక్కుల సంఘాలూ ఆదివాసులూ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతూ వచ్చారు.

అదే జిల్లా తూర్పు అంచున, గోదావరి వెంట, బొగ్గుబాయిలు మరొక పదజాలాన్ని పెంచాయి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరులలో బాయిపనికి కుదిరినవాడు కూలీ కాదు, కార్మికుడు. అతనికి వచ్చేది కూలి కాదు, జీతం. పల్లెలో జీతం విడిపించుకొని బాయికి పోయి జీతం తెచ్చుకున్న తరం ఒకటి ఉన్నది. మొదటి జీతం బంధనం, రెండవది విముక్తి. నిఘంటువులో రెండూ ఒకే ఆరోపం కింద ఉంటాయి. సిరిసిల్ల మరమగ్గాల మీద మాత్రం కూలి అనే మాటే నిలిచింది. సేటు నూలు ఇస్తాడు, ఆసామి నాలుగైదు మగ్గాలు నడుపుతాడు, నేసేవానికి మీటరు లెక్కన కూలి. పట్టణంలో కప్పు కింద, యంత్రం ముందు పనిచేసినా అతడు జీతగాడూ కాలేదు, పూర్తి కార్మికుడూ కాలేదు.

2006లో ఉపాధి హామీ పథకం తొలివిడత జిల్లాలలో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి. పని అడిగే హక్కునూ, పని ఇవ్వకపోతే భృతి అడిగే హక్కునూ చట్టం ఇచ్చింది. గ్రామాలలో దానికి ‘వంద రోజుల పని’, ‘కరువు పని’ అనే పేర్లు స్థిరపడ్డాయి. కొలతలు వేసి, హాజరు పట్టీలో రాసి, బ్యాంకుకో పోస్టాఫీసుకో పంపే సొమ్మును జనం ‘కూలి’ అనే అంటారు. అది ఆలస్యమైతే ‘కూలి పడలే’ అంటారు. స్త్రీపురుషులకు ఒకే రేటు కట్టిన ఈ పనితో, స్త్రీల కైకిలి రేటు ఎందుకు తక్కువన్న ప్రశ్న చేనుగట్టు మీదికి కూడా వచ్చింది.

ఈ జిల్లాల తాజా పదం గల్ఫ్ నుంచి వచ్చింది. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టుకు 1983 నాటి వలస చట్టం కింద ప్రత్యేక అనుమతి అవసరం. సముద్రం దాటే పేదవానికి రాజ్యం వేసే ముద్ర ఇప్పటికీ ఉన్నది. దుబాయి, మస్కట్, సౌదీ వెళ్ళినవారు తమను కూలీలు అనుకోరు. ‘కంపెనీల ఉన్న’ అంటారు, ‘లేబర్ క్యాంపు’ అంటారు. వచ్చేది జీతం. కంపెనీ విడిచి, కాగితాలు లేక, దొరికిన చోట రోజుపని చేసుకొనేవానికి మాత్రం ‘ఖల్లివెల్లి’ అనే పేరున్నది. పోనీ, వదిలేయ్ అనే అర్థంలో గల్ఫ్ అరబ్బీలో పలికే మాట అది. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ పల్లెలలో అది మనిషికి పేరయింది. ‘వాడు ఖల్లివెల్లి అయిండు’ అని ఇంట్లోవాళ్ళే అంటారు. అట్లా అయినవాడు పాత కంపెనీలో నిలిచిపోయిన నెలల జీతం అడగడానికి ఏ కచేరీకీ పోలేడు. చేసిన పనికి రావలసింది మిగిలి ఉంటుంది, అడిగే నోరు ఉండదు. నిఘంటువులు ఆ మాటను ఎక్కించుకొనే రోజున, దాని అర్థం పక్కన ఈ సంగతి కూడా రాయవలసి ఉంటుంది.